ఇసుక కలిసిన రొట్టె

అద్రార్ పీఠభూమి మీద
ఆకాశం ఒకసారి చెయ్యిచేసుకున్న చోట
మా గుడారం.

గుంట అంచున నిలబడితే
అవతలి గట్టు మీది మేక చీమంత.
ముప్పై లక్షల ఏళ్ల నాటి దెబ్బ అంటారు
నువాక్‌షోత్‌లో నాకు చదువు చెప్పినవాళ్లు.
"మా ముత్తాతకి ముందు" అంటాడు దేయ్‌లూల్.
రెండూ అబద్ధాలు కావు.

నా పని గాలిని తూచడం.
పదహారు రేకు డబ్బాలు
నోళ్లు ఈశాన్యానికి తిప్పి పాతాను.
తెల్లవారి ఒక్కోదాన్నీ తక్కెడలోకి ఒంపుతాను.
మొన్న పదకొండు గ్రాములు.
నిన్న తొమ్మిది,
ఒక చచ్చిన మిడత.
దాన్నీ రాసుకున్నాను.

వాలు మీద అక్కడక్కడా
నల్లటి గాజు పెంకులు దొరుకుతాయి,
ఆ రోజు కరిగి, కరిగినట్టే ఆగిపోయిన రాయి.
ఏరుకోబోతే
గాలి ముందే వాటిని నున్నగా తోమిపెట్టి ఉంటుంది,
అంట్లు తోమే మనిషి
గిన్నె ఎవరిదని అడగనట్టు.

రాత్రి లాంతరు దగ్గర ఫొటోలు పరిచాను.
"ఇది ఎవరి ఊరు?"
"ఊరు కాదు తాతా. ఆ ఎర్ర చుక్క, అంగారకుడు."
"బావులున్నాయా?"
"లేవు."
"గాలి?"
"ఉంది. పల్చటిది. మన గాలిలో నూరో వంతు కూడా లేదు.
అయినా దిబ్బల్ని నడిపిస్తుంది."
"నీళ్లు లేనిచోట
దానికి మాత్రం తొందరేముందిలే" అన్నాడు.

గుంటల్ని చదవడం నేర్పబోయాను.
అంచు కత్తిలా ఉందా, కొత్త దెబ్బ.
అరిగి పళ్లెంలా ఉందా, పాతది.
ఎన్ని మచ్చలుంటే నేలకి అంత వయసు.
అంతా విన్నాడు.
వింటూనే నిప్పుల కింది ఇసుక తవ్వి
రొట్టె బయటికి తీసి
మోకాలికేసి రెండుసార్లు కొట్టి
విరిచి సగం నాకిచ్చాడు.
ఎంత దులిపినా
పళ్ల మధ్య కరకర.

అప్పుడు లాంతరు ముఖం దగ్గరికి జరుపుకుని
నోరు తెరిచాడు.
"లెక్కపెట్టు."

పై వరసలో ముందు పన్ను సగానికి విరిగి ఉంది,
పెంకులా పదునుగా.
మిగతావన్నీ చదును,
చిగుళ్ల దాకా అరిగిన మెట్లు.
"ఏది ముందు?"
సందేహం లేకుండా విరిగినదాన్ని చూపించాను.
"ఇది కొత్తది. అంచు చూడు."

ఆయన ఎంతసేపు నవ్వాడంటే
కట్టేసిన ఒంటె మెడ తిప్పి చూసింది.
"తొమ్మిదేళ్లప్పుడు దీని ముత్తవ్వ తన్నింది.
మిగతావి రొట్టె పని.
అరవై ఏళ్లు.
విరిగింది పొట్టిదైపోయింది కదా,
రొట్టె దాన్ని తాకదు."

నేను తిరిగి ఫొటోల వైపు చూశాను.
ఎన్ని గుంటలు ఇసుక కింద దాక్కుని
అరగకుండా పడుకున్నాయో,
ఏ గాలో దుప్పటి లాగేసిన పొద్దున
నిన్ననే పుట్టినట్టు పైకి చూశాయో.
వాటన్నిటికీ నేను వేసిన వయసులు,
పెన్సిల్‌తో కాదు, సిరాతో.

ఆ రాత్రి ఇరీఫీ వీచింది.
వేడిగాలి, పొయ్యి తలుపు తీసినట్టు.
గుడారం గుడ్డ మీద ఇసుక
తెల్లార్లూ ఏదో జల్లెడ పట్టింది.
అంచుల మీద బరువుకు పెట్టిన రాళ్లు,
మూడు చెంపలూ గాలే చెక్కినవి,
కదల్లేదు.
వాటికి ఈ గాలి పాత పరిచయం.

పొద్దున డబ్బాలు పదిహేనే.
పదహారోది పాతిన చోట
నున్నటి ఇసుక, దాని మీద బొద్దింక నడిచిన గీత.
పార తెచ్చాను.
దేయ్‌లూల్ పార పట్టుకుని ఆపాడు.
"పోలేదు. లోపలుంది.
దానికి తోచినప్పుడు తిరిగిస్తుంది."
"నాకా?"
భుజాలెగరేసి టీ కెటిల్ వైపు నడిచాడు.

పుస్తకంలో పదహారో గడి దగ్గర
సున్నా వెయ్యబోయి ఆగాను.
నాలుక కింద ఇంకా
రాత్రి రొట్టెలోని రేణువొకటి.
ఉమ్మెయ్యలేదు.
కొరికి చూశాను.