దాపట చక్రం

క్వారీల తిరిగిన బండి. నాది మూడో చెయ్యి.
స్టీరింగు కింద ఒక నాబ్ ఉండె,
దాని మీది బొమ్మ గీరుకుపోయి తెల్లగైంది.
అమ్మినాయన చెప్పలే, నేనడగలే.
ఏడాది పొడుగూత దానికి తాళాల గుత్తి తగిలేసిన.

జడ్చర్ల దాటినంక మోయిజ్ భాయ్ షెడ్డు.
క్లచ్ ప్లేట్లు మార్చనీకె పోతే
గుత్తి తీసి నా చేతుల పెట్టిండు.
"ఇది మేకు కాదు ఉశన్నా."

వెనక చక్రాలు రెండూ జాకీల మీద లేపి
బండి గేర్ల పెట్టి తిప్పమన్నడు.
నేనిటు తిప్పితే అవతలిది అటు తిరిగింది,
నా మీద అలిగినట్టు.
నాబ్ తిప్పి, న్యూట్రల్ చేసి, మళ్ల తిప్పు అన్నడు.
ఈసారి రెండూ ఒక్క తీరుగ.

"ఎడ్లెనక నడిచినవా ఎన్నడన్న?"
నడిచిన. మా నాయిన అరకెనక, బడికి ముందు.
"కొండ్ర మలిపేటప్పుడు
లోపలెద్దు ఉన్నకాడనే కాలు మారుస్తది,
బయటెద్దు అంగలేస్తది.
ఆ తేడా కోసమే కింద ఆ గుండు, ఆ పండ్ల చక్రాలు.
గని దానికొక చెడ్డ బుద్ధి ఉన్నది.
ఎవడు జారితే వానికే బలమంత పోస్తది,
గట్టి నేల మీదున్నోడు
చేతులు కట్టుకొని చూస్తుంటడు."

నాకు మా పెదనాయిన కొడుకులు యాదికొచ్చిన్రు.
చెప్పలే.

పుష్యమాసంల లేని వాన పడ్డది.
మక్తల్ అవతల తిమ్మప్ప చేను, నల్లరేగడి,
పన్నెండు క్వింటాళ్ల పత్తి ఎక్కించి తాళ్లు బిగించినం.
గెట్టు దాకా పోయింది బండి.
అక్కడ నాకు కానరాని దిక్కు, దాపట చక్రం,
మట్టిని ఎగజిమ్మబట్టె.
తిమ్మప్ప మొకం మీద, తెల్ల బోరాల మీద నల్ల చుక్కలు.
నేను ఇంకా తొక్కిన.
ఎలపటిది కదలనే లేదు. దాపటిది ఇరుసు దాకా దిగింది.

చెయ్యి నాబ్ మీదికి పోయి ఆగింది.
"తిరుగుతున్న చక్రం మీద పెట్టకు,
పండ్లు రాలి నా షెడ్డుకే వస్తవు."
కాలు తీసిన. అన్నీ ఆగినంక తిప్పిన.
పసుపు దీపం కొట్టుకుంది, కొట్టుకుంది,
నేను రవ్వంత కదిలిచ్చంగనే నిలబడి వెలిగింది.
మొదటి గేరు, కాలు మెల్లగ,
స్టీరింగు సక్కగ.
కింద రెండూ ఒక్కసారే మట్టిని కరిచిన సప్పుడు
నడుములకు తెలిసింది.

బయటపడ్డం. బాట కుడి దిక్కున్నది.
తిప్పిన. బండి తిరగలే.
కట్టేసిన జంట కదా, సక్కగనే పోతనన్నది.
మూడు సాళ్ల కంది మీదికెల్లి పోయింది,
కాయ పట్టిన కంది.
తిమ్మప్ప పెండ్లాం హనుమక్క
నా ఏడు తరాలను పేర్లు పెట్టి పిలిచింది.

డాంబరు ఎక్కినంక నాబ్ తీసిన,
దీపం మాత్రం ఆరలే.
మొదటి మలుపులనే టైర్లు ఏడ్చినయి,
లోపల ఏదో మెలి పడ్డట్టు బండి జలదరించింది.
ఆపిన. సక్కగ రెండు గజాలు రివర్సు.
కడక్‌మన్నది.
దీపం పోయింది, ఎవరి నడక వాళ్లకొచ్చింది.

కిరాయిల రెండు వందలు కోసింది హనుమక్క.
న్యాయమే, కందికి.

మోయిజ్ భాయ్ అడిగిండు:
"ఎన్నిసార్లు తిప్పినవ్ ఈ ఏడు?"
ఒక్కపారి.
"బాగుంది. రెండు దాటితే
నాబ్ తప్పు కాదు, నువ్వు పోయే బాటది."

తాళాల గుత్తి ఇప్పుడు జేబుల్నే ఉంటది.
కూసున్నప్పుడల్లా తొడకు గుచ్చుకుంటది.