ఎడమ కాలు

నలభై ఏండ్లు నా ఎడమ కాలే నాకు వైసు.
బొటనవేలి కింద చెక్కని అదిమి
రంపం లాగినోణ్ణి.
ఇప్పుడు మోకాలు మడత పడనంటోంది.

మురకంబట్టులో, పాత ఇనుప కొట్లో
లారీ జాకీ మర దొరికింది, తూకానికి.
కిరసనాయిల్లో రెండ్రాత్రులు నానేస్తే
తుప్పు వదిలి, సన్నగా కూసింది.

దవడలకి చింతమాను. చేవ దేలిన ముక్క,
ఉలి రెండు తూర్లు బెదిరింది.
లోపక్క సైకిల్ ట్యూబు అతికించినాను,
చెక్కకి నొప్పి తెలవకుండా.

"ముసలి బల్లకి పండ్లు కట్టించినావా?"
అనింది మునిలచ్చిమి.
తొలి పట్టు ఆమె ముక్కాలిపీటదే,
కొత్త కాలు.
పిడి తిప్పినాను. కదల్లేదు.
రెండు చేతులూ ఖాళీ.

రంపం మొదలెట్టగానే
చెప్పులో బొటనవేలు
నేలని అదిమి పట్టుకునింది.