గాలికి దిగువన

రేటు ముందే మాట్లాడుకున్నాం.
రింగులోకి దిగితే నాలుగు వేలు, కప్పు వస్తే ఇంకో వెయ్యి,
తెనాలి నుంచి బస్సు ఛార్జీ వేరే.
పాతికేళ్ల కుర్రాడు మస్తాన్‌వలీ
బుడంకాయ పళ్లు చూసి, వెన్ను నిమిరి,
చివర్న నా కాలి వంక చూశాడు.
చూసి, విప్పని షూ లేసు మళ్లీ కట్టుకున్నాడు.

నేనే చెప్పాను:
రింగు చుట్టూ పరిగెత్తాలంట కదా బాబూ,
ఈ ఎడమకాలు నా నాలుగో ఏటే
పరుగుకి సెలవు పెట్టింది.

కాగితాల మీద దాని పేరు మూరెడు,
ఏదో కోట, ఎవరో దొరసాని.
మా ఇంట్లో బుడంకాయ.
నల్లటి డాబర్‌మన్,
కనుబొమ్మల మీదా పాదాల దగ్గరా ఎండుమిర్చి రంగు.
మిర్చియార్డులో కాటా గుమాస్తాకి
ఇంతకన్నా తగిన కుక్క దొరుకుతుందా అని
హమాలీలు నవ్వేవాళ్లు.

పది రోజులు గుంటూరు స్టేడియంలో తిప్పాడు దాన్ని.
గేటు బయట, పక్కచక్రాలు కట్టించిన స్కూటీ మీద
నేను వీపు తిప్పి కూర్చునేదాన్ని.
పోటీ ముందురోజు అన్నాడు:
అక్కా, రేపు నువ్వు కనపడకూడదు.
కనపడకపోతే చాలదు, వాసనా రాకూడదు.
గాలికి దిగువన ఉండు.

ఇరవై రెండేళ్ల మిరపకాయ నా ఒంట్లో ఉంది.
బస్సులో పక్కసీటు వాళ్లు తుమ్ముతారు.
సబ్బుకి పోదు, కుంకుడుకాయకి పోదు.
నేను సందు మొదట్లో ఉండగానే బుడంకాయ
తుమ్ముతూ తోక ఊపుతుంది.

బెజవాడ, పటమటలో కాలేజీ మైదానం.
పౌడరు పూసిన బొచ్చుకుక్కలు,
కూలరు ముందు బోర్లాపడ్డ సెయింట్ బెర్నార్డు,
కృష్ణ మీద నుంచి గాలి.
చీర చెంగు ఎటు ఎగురుతుందో చూసుకుని
చెరకురసం బండి వెనక, జనరేటరు పక్కన నిలబడ్డాను.
డీజిలు పొగకి స్తోత్రం చెప్పుకున్నాను.
ఎవరికి కనపడకుండా దాక్కున్నావమ్మా, అన్నాడు బండతను.
మా కుక్కకి, అన్నాను.
ఇంకేం అడగలేదు, నిమ్మకాయ కాస్త ఎక్కువ పిండాడు.

వేలాడే వైర్ల సందులోంచి నలభై ఏడో నంబరు.
జడ్జి నోరు తెరిచి పళ్లు లెక్కపెట్టాడు.
మాత్ర వెయ్యబోతే నా వేలు కొరికిన నోరే అది.
తర్వాత పరుగు.
అది అలా పరిగెత్తగలదని నాకు తెలీదు.
మూడేళ్లు నా పక్కన నడిచిన కుక్క
ఆ పరుగుని ఎక్కడ దాచుకుందో!
కోటు వేసుకున్న మస్తాన్ చేతిలో తాడు వదులుగా, దారప్పోగులా.
నాకు గర్వంగా ఉండాల్సింది.
గ్లాసు గట్టిగా పట్టుకున్నాను.

షామియానా మూల దగ్గర, ఎడమకి తిరిగేచోట
ఒక్క అడుగు
ఆగింది.
ఆగీ ఆగనట్టు.
మస్తాన్ మోకాలు తగిలాక
మళ్లీ అందుకుంది.

రెండో బహుమతి, అన్నారు మైకులో.
యజమాని జె. రాహేలు అనబోయి జె. రాహుల్ అన్నారు.
నేను రింగు దగ్గరికి చేరేసరికి
ఫొటోగ్రాఫరు పామెరేనియన్ల వైపు వెళ్లిపోయాడు.

మొదటిది మనదే అక్కా, అన్నాడు మస్తాన్
కోటు విప్పి చెమట పిండుకుంటూ.
ఆ మూల దగ్గరే పోయింది. స్టేడియంలోనూ అంతే,
ఎడమ మలుపు వస్తే చాలు, ఎవరికోసమో ఆగుతుంది.
వచ్చే ఏడాదికి ఆ అలవాటు మాన్పించేస్తాలే.

బుడంకాయ నన్ను చూసి తుమ్మింది.
నేనేం చెప్పలేదు.
నాలుగు వేలు లెక్కపెట్టి, కప్పు మొదటిదానికేగా అంటున్నా వినకుండా
ఇంకో వెయ్యి అతని జేబులో కుక్కాను.
అతని చేతి తడి ఇంకా ఆరని తాడు
నా చేతికి వచ్చింది.

గేటు దాటాక వ్యాను ఎడమ పక్కన ఉంది.
తొందరేం లేదు మా ఇద్దరికీ.