గడ్డి కోసే ఉద్యోగం

ఒసాకాలో, ఆరో అంతస్తులో,
నా ఉద్యోగం గడ్డి కోయడం.

టీవీ కింద కూర్చునే పెద్ద పెట్టెలో అయితే
ఏ పోచకాపోచ విడిగా ఊగుతుంది.
ఫ్యాను రొద పెడుతుంది, గోడలోంచి కరెంటు తాగుతుంది,
దాన్ని అడిగేవాడు లేడు.

సంచిలో పట్టాల్సినదానికి అలా కుదరదు.
అరచేతిలో వైకుంఠం చూపించమంటే చూపిస్తాను,
మూడు గంటలు ఆరిపోకుండా, చెయ్యి కాలకుండా అంటేనే చిక్కు.
కువబారా గారి బల్ల మీద వంటింటి తూకం ఒకటుంటుంది.
మాట్లాడరు. నమూనాని దాని మీద పెట్టి
అంకె వైపు చూస్తారు, తర్వాత నా వైపు.

గడ్డి సగం కోశాను.
ఆకుల నీడలు తీసేశాను.
దూరపు కొండని బొమ్మగా అతికించాను.
నీటిగుంటలో ఆకాశాన్ని తీయడానికి మాత్రం
నాలుగు రోజులు పట్టింది.
పని రెండు నిమిషాలే.

క్యోటో వైపు ఆఖరి రైలు. తలుపుకి ఆనుకుని
ఆసుపత్రి బూట్లు ఇంకా విప్పని అమ్మాయి,
ఆమె రెండు చేతుల్లో నా పొలం.
యోదో నది దాటుతుంటే గట్టు మీద
అసలు గడ్డి, ఎవరూ లెక్కపెట్టనిది,
చీకట్లో ఊగుతోంది.
ఆమె తలెత్తలేదు.

నా బోడి గుంట దగ్గర ఆగింది.
ఏదో పారేసుకున్నట్టు అక్కడక్కడే తిరిగింది.
బ్యాటరీ ఎర్రగా రెండుసార్లు కొట్టుకుని
తెర నల్లబడింది.
ఆమె భుజం వెనక నుంచి చూశాను:
గుంట ఉన్నచోట ఆమె ముఖం.
అందులోనే జుట్టు సరిచేసుకుని
తకాత్సుకిలో దిగిపోయింది.

రేపు తూకం
ఇంకో పదకొండు గ్రాములు ఎక్కువంటుంది.
ఆటలో నది ఇంకా మిగిలే ఉంది.