నూట ఎనభై ఎనిమిదో వరస

రాత్రి రెండూ పదికి, నేను నిద్రలో ఉండగా,
నా ప్రోగ్రాం లేస్తుంది.
చేతుల్లేవు, అయినా మౌసు పట్టుకుంటుంది.
కళ్లు లేవు, "చేర్చు" అన్న బొత్తాం ఎక్కడుందో తడుముకుంటుంది.
దొరక్కపోతే ముప్పై సెకన్లు ఓపిక పడుతుంది,
ఆ తర్వాత అలిగి ఎర్రబడిపోతుంది.

దీవిలో వాళ్లకి కబురు పంపే జాబితా ఇది.
సముద్రం గడ్డకట్టి, మందం ఇరవై రెండు సెంటీమీటర్లు దాటి,
హాప్సలు ఒడ్డు నుంచి మంచు దారి తెరిచిన రోజున
ఎన్ని టన్నుల బండి వెళ్లొచ్చో
సీటు బెల్టు ఎందుకు పెట్టుకోకూడదో
రెండు వేల నూట పదకొండు మందికి ఒక్క మీటతో చెప్పాలి.
మీట నొక్కేది రోడ్ల శాఖలో లెంబి.
నొక్కితే పనిచేస్తుందని పూచీ పడటం నా ఉద్యోగం.

అందుకని ఒక మనిషిని పుట్టించాను.
ప్రోవ్ కాదకస్. మా భాషలో ప్రోవ్ అంటే పరీక్షే.
ఇంటి నంబరు సున్నా,
పుట్టినరోజు జనవరి ఒకటి, లేనివాళ్లందరిలాగే.
రోజూ రాత్రి జాబితాలో చేరతాడు,
ఉత్తరం అందిందా అని చూసి, లింకు నొక్కి, ఔను నేనే అంటాడు.
ఇల్లు మారతాడు, ఇంటిపేరు మార్చుకుంటాడు,
పేరు మధ్యలో కావాలనే ఓ కొటేషన్ గుర్తు ఇరికించి
డేటాబేసు తలుపు ఊడుతుందేమోనని భుజంతో ఓసారి నెట్టి చూస్తాడు.
చివరికి "ఇక నాకు పంపకండి" అని
ఆనవాలు లేకుండా పోతాడు.
మొత్తం నలభై ఒక్క సెకన్లు.
ఈగ బతుకు ఇంతకంటే పెద్దది.

పొద్దున కాఫీ కలుపుకుంటూ చూస్తాను:
నూట ఎనభై ఆరు వరసలు, అన్నీ పచ్చ.
కిటికీలోంచి చూస్తాను:
సముద్రం, నల్లగా, కదులుతూ.

ఇది ఐదో శీతాకాలం. దారి తెరవలేదు.
లెంబి మీట దుమ్ముపట్టింది.
ఈ ఐదేళ్లలో వెళ్లిపోతానన్నవాడు ప్రోవ్ ఒక్కడే,
పద్దెనిమిది వందల సార్లు.
తక్కినవాళ్లలో ఒక్కరూ పేరు తీయించుకోలేదు.
రెండుసార్లు లెక్క చూశాను. ఒక్కరూ.

ఫిబ్రవరిలో ఒక్క పదం మార్చాను,
పరీక్షల సర్వరు అనుకుని అసలు సర్వరు పేరు రాశాను.
రెండూ పదకొండుకి ప్రోవ్ ఊరందరికీ ఉత్తరం పెట్టాడు:
"మంచు దారి తెరిచాం. మందం తొమ్మిది వందల తొంభై తొమ్మిది సెంటీమీటర్లు.
పరీక్ష. పరీక్ష. పరీక్ష."

క్షమాపణ నాలుగుసార్లు రాశాను,
నాలుగూ దొంగ ఏడుపులా ఉన్నాయి.
సాయంత్రానికి జవాబులు మూడు వందలు.
తిట్టినవి పదకొండు (లెక్కపెట్టాను, అలవాటు).
తక్కినవి వేరే రకం.
"పది మీటర్లయితే మా ఆవిడ కూడా భయపడదు."
"ట్రాక్టరు పోవచ్చా? గడ్డి అయిపోయింది."
"మా మనవరాలు బూట్లు వేసుకుని గుమ్మంలో కూర్చుంది, ఇప్పుడు మీరే చెప్పండి దానికి."
హెల్దుర్ అని ఒకాయన, ఎనభై మూడేళ్లట:
"అమ్మాయ్, మూడింటికి లేచి ఒడ్డుకి నడిచాను.
నీళ్లే.
అయినా బూటు కొనతో తాకి చూశాను, మీరు చెప్పారు కదా అని.
పర్లేదు. వచ్చే ఏడు కూడా పరీక్షించండి."

ఆ సెట్టింగుకి రెండు తాళాలు వేశాను.
కొత్త పరీక్ష రాశాను, నూట ఎనభై ఏడు:
ప్రోవ్ గడప దాటకూడదు, దాటితే ఎరుపు.

ఇంకొకటి రాద్దామని కూర్చున్నాను.
రోజూ రాత్రి ఒడ్డుదాకా వెళ్లి
బూటు కొనతో తాకి
గట్టిగా ఉందో లేదో చెప్పే వరస.
ఏ బొత్తాం పేరు రాయాలో తోచలేదు.
పైన "హెల్దుర్" అని పెట్టి, లోపల ఖాళీ వదిలి, దాచాను.

రెండూ పదికి ప్రోగ్రాం దాని దగ్గర ఒక్క క్షణం ఆగి
దాటేస్తుంది.
పొద్దున అంత పచ్చలో
అదొక్కటే పసుపు.