పిట్టకో అంకె

ఎస్త్రెమోజ్ పోస్టాఫీసులో మూడో కిటికీ నాది.
ఈ ఊళ్ళో వీధి అంచులు కూడా చలువరాయే,
నాకు మాత్రం చెక్క స్టూలు, ఒక కాలు పొట్టి.
దాని కింద పాత టారిఫ్ పుస్తకం తోశాను.
కొత్తది ఇప్పుడు తెర మీదే ఉంటుంది.

మంగళవారం దియొలిందా వచ్చింది
గోళ్ళ సందుల్లో ఎర్రమట్టితో,
చంకలో బూట్ల డబ్బాతో.
జపానులో నగానో నుంచి ఎవరో
ఫోనులో ఫొటో చూసి కొన్నారట.

"లోపలేముంది?"
అడగడం నా ఉద్యోగం.
"పిట్ట."
"ప్రాణమున్నదా?"
"ఊదితే ఉంటుంది."

నవ్వకండి. పోయినసారి ఆమె
తనంతట తానే పిట్ట అని వెతికి
సున్నా ఒకటి సున్నా ఆరు అని రాసేసింది.
అది బతికున్న జీవాల కోడు.
మట్టిపిట్ట మూడు వారాలు లిస్బన్‌లో
పశువైద్యుడి సంతకం కోసం కూర్చుని
ఎగరకుండానే తిరిగొచ్చింది.
వచ్చాక ఇంకో చిక్కు:
ఈ ఊరి మట్టి ఈ ఊళ్ళోకి రావడానికి
ఎక్కణ్ణుంచి వస్తున్నావని కాగితం అడిగారు.

అందుకని ఈసారి నెమ్మదిగా చెప్పాను.
దియొలిందా, ఆరంకెలు కావాలి.
లోకంలో ఉన్న సరుకంతా అధ్యాయాల్లో సర్దేశారు,
బతికున్న గొడ్డూ గోదాతో మొదలై
నూరేళ్ళు దాటిన సామానుతో ముగుస్తుంది.
మధ్యలో డెబ్బై ఏడు ఖాళీ.
ఇంకా పుట్టని వస్తువేదో వస్తుందని
దాని పీట దానికి వేసి ఉంచారు.

"అయితే నాది అక్కడ రాయి," అంది.

కుదరదు.
అలంకారానికి పెట్టుకునే మట్టిబొమ్మైతే అరవై తొమ్మిది పదమూడు.
పిల్లలాడుకునేదైతే తొంభై ఐదు సున్నా మూడు.
నోటితో ఊదే ఈలైతే తొంభై రెండు సున్నా ఎనిమిది.
ఏ గూటి చిలక ఆ గూటి పలుకే అన్నారు గానీ
ఈ చిలక గూడేదో పలికితేనే తెలిసేది.

"కొన్నవాళ్ళు దాన్నేం చేస్తారో
నేనెలా చెప్పను?" అంది.
నిబంధన చెప్పాను: దాని అసలు స్వభావమేదో అదే లెక్క.
అసలు స్వభావం అన్న మాట దగ్గర
ఆమె కాసేపు నన్ను చూసింది, ఏ ఆసుపత్రిలోనో
వినకూడనిది విన్నట్టు.

తర్వాత డబ్బా విప్పింది.
నాలుగు పొరల పాత వార్తాపత్రిక,
ఫుట్‌బాల్ ఫలితాలు, ఒక మంత్రి సగం మొహం,
లోపల నీలిరెక్కల పిట్ట.
కొంగుతో, అంటే ఆప్రాన్ అంచుతో, తోకను తుడిచి ఊదింది.

పెన్షన్ లైన్లో ఉన్న బెలార్మీనో
గుమ్మం వైపు తిరిగాడు.
బయట కట్టేసిన కుక్క లేచి నిలబడింది.
లోపలి గదిలోంచి మేనేజరు కితేరియా
కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకుంటూ వచ్చి
ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.
పిట్ట కొంచెం, కూత ఘనం;
తక్కెడ మీద నూట పది గ్రాములు.

"రెండో స్వరం కాస్త జారింది," అన్నాను.
"చలికి," అంది.

తొంభై రెండు సున్నా ఎనిమిది.
ముద్ర కొట్టాను.

"విలువ?"
"ఇరవై రెండు యూరోలు.
మట్టి ఊరికే వచ్చింది, కట్టెలు కొన్నాను.
ఆ రెండో స్వరం కుదరక ఆరు పిట్టల్ని పగలగొట్టాను.
వాటినే గడిలో రాస్తావు?"

ఆ గడీ లేదు.

ఇది ఫిబ్రవరి మాట. మొన్న శనివారం సంతలో
ఉల్లిపాయల బండి పక్కన కనిపించింది.
చేరిందా అని అడిగాను.
చేరిందట. ఫోటో పంపారట, చూపించింది:
అద్దాల అలమరా, పైనుంచి చిన్న దీపం,
కింద తెల్లగుడ్డ మీద నీలిరెక్కలు.
"ఊదారా?"
"లేదట. పగులుతుందేమోనని భయమట."

అయితే అరవై తొమ్మిది పదమూడు, అనబోయి
నోరు మూసుకున్నాను.
సోమవారం కిటికీ తెరిచి కూర్చుంటే
కింద పుస్తకం కొంచెం కదిలింది.