నీళ్ల ప్లాంటోని వాంగ్మూలం

పుష్యమాసం చలిల, తెల్లారకముందే
షట్టర్ మీద రాయి పడ్డది.
"నీ క్యాన్లే మా పోరగాండ్లను పండవెట్టినయ్ లింగస్వామీ!"
ఈదయ్య పెద్దకొడుకు. కాళ్లకు చెప్పులు గూడ లేవు.

నేను తిట్టలే.
చండూరు దిక్కు ఏ రోగమొచ్చినా
మొదటి ముద్దాయి నీళ్లే.
మా నాయిన పండ్లు తుప్పువట్టిన మేకులు,
మా పెద్దమ్మ నడుము కొడవలి,
నిలవడి ఆకాశం చూడకుండనే పోయింది.
బోరునీళ్లు బొక్కల్ల గడ్డగట్టిన ఊరు మాది.
అందుకే లోను దీసి మెషిను పెట్టిన,
ఇరవై లీటర్లకు ఐదు రూపాయలు,
దేవుని పటం పక్కన ఫ్రేము కట్టిన టెస్టు రిపోర్టు.

ఆ వారంల ఎనిమిది మంది పిల్లలు.
ఒక్కరికీ రెండేండ్లు దాటలే.
మొదాలు కక్కుడు, ఎన్క జొరం,
ఆ ఎన్క లెక్కవెట్టలేనన్ని గుడ్డలు.
పండ్లు మొలుస్తున్నయన్నరు, గాలి సోకిందన్నరు.
ఉప్పు, మిరపకాయలు దిగదీసి పొయ్యిలేసిన్రు.

మా అక్క మనుమరాలు హన్షిత, పది నెలలది.
మూడో పూటకు మాడ గుంటవడ్డది.
పొట్టమీద తోలు గుంజి ఇడిస్తే
మడత మడత లెక్కనే ఉన్నది.
ఏడ్చింది. కండ్లల్ల తడి లేదు.
నెత్తిమీద ఐదువేల లీటర్ల ట్యాంకు పెట్టుకున్నోణ్ని
ఆ కంటికి ఒక్క చుక్క తేలేకపోయిన.

రిబ్కమ్మ సిస్టర్ స్కూటీ మీద ఒచ్చింది.
శీశాల నా నీళ్లు పట్టి మూతికి టేపు చుట్టింది.
"రిపోర్టు రానీ. గని నాకైతే
ఇది చేతుల కత లెక్కనే కొడుతున్నది.
వైరస్. రోటా అంటరు. చలికాలం పసిపిల్లల ఎంటవడుతది."
ఎంతుంటది సిస్టర్?
"సూదిమొన మీద సంత సాగుతది."
నా మెషిన్ల ఆగదా?
"మెషిన్ల ఆగుతది.
నీ చేతిల ఆగదు."

అప్పుడు యాదికొచ్చినయి:
అంగన్వాడీల పూటకో నోట్లె నానే రబ్బరు ఏనుగు,
ముడ్డి తుడిచిన కొంగుతోనే మూతి తుడిచే మా అక్క,
క్యాను లేపేటప్పుడు మూతిలకు దూరే
నా బొటనవేలు.
ఆదివారం ఆ పిల్ల గుడ్డ మార్చింది నేనే.
చెయ్యి కడుక్కున్న. అంటె, తడుపుకున్న.
సబ్బు ఒడిసింది, తేవాలనుకున్న, మర్శిన.
నీళ్లమ్మేటోనికి చెయ్యి కడుక్కునుడు రాకపాయె.

రిబ్కమ్మ టీకాల కార్డు తిరిగేసింది.
ఆరోవారం చుక్కలకు టిక్కు. పక్క రెండు గడులు ఖాళీ.
ఆ రెండు నెల్లు స్వరూప బిడ్డనెత్తుకొని
ఇటికబట్టీల కాడుండె.
ఆమె ఏమనలే. కార్డు మడతవెట్టి స్వరూప చేతిల వెట్టింది.

ఓఆర్ఎస్ పాకీటు, కొలిచి లీటరు నీళ్లు.
నా నీళ్లే, మరగవెట్టి సల్లార్సి.
ఈసారి మోచేతుల దాక తోమిచ్చింది, గోర్లు తీపిచ్చింది.
చెంచా. కక్కింది. పది నిమిషాలు ఆగినం. మళ్ల చెంచా.
పాలు మానిపియ్యకు అన్నది.
జింకు గోలీ కరిగిచ్చి పద్నాలుగు దినాలు,
తగ్గినా ఆపొద్దు అన్నది.
మూడు రాత్రులు మా ఇంట్ల గిన్నెకు చెంచా తాకే సప్పుడే.

నాలుగో తెల్లారగట్ల
ఒళ్లె ఎచ్చగ తగిలింది.
అంగీ, లుంగీ, అన్నీ తడిసినయి.
"పోసింది! పోసింది!" అని నేను ఒర్రితే
ఇంట్లోళ్లంత బోరు పడ్డదనుకొని లేచిన్రు.

ఈదయ్య మనుమడు ఇంక దేవరకొండ దవఖాన్ల
సెలైన్ కిందనే ఉన్నడు.
శీశా రిపోర్టు ఇంక రాలే.
షట్టర్ సొట్ట నేను తియ్యలే,
దాని పక్కన పాత సాక్సుల సబ్బేసి ఏలాడగట్టిన.
క్యానుకొచ్చినోళ్లు చూసి నవ్వుతున్నరు.
ఈదయ్య కొడుకు నవ్వలే. రుద్దుకున్నడు.
నీళ్లు నేను పోసిన.